అంకె తప్పితే ఊరుకోని సారు

గురురాజారావు సారును ఎంతైనా తిట్టండి, ఆయనకు కోపం రాదు. బస్సులో కాలు తొక్కండి, "పర్లేదులేప్పా" అంటారు. కానీ ఆయన చెవిన పడేలా ఇంగ్లీషులో ఒక్క అంకె తప్పు చెప్పారా, ఇక మీ పని అయిపోయినట్టే. చెప్పింది కలెక్టరా, కాయగూరలమ్మే మనిషా అని చూడరు. నడిరోడ్డు మీదైనా ఆపి, చూపుడు వేలు పైకెత్తి, తప్పు దిద్ది, సరైన మాట మూడుసార్లు చెప్పించుకొని గానీ వదలరు. మూడంటే మూడే. రెండుసార్లు చెప్పి జారుకోబోయిన ఒక పెళ్ళికొడుకు వెంట పందిరి దాటి వీధి మలుపు దాకా నడిచిన చరిత్ర ఆయనది.

ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ప్రశాంతి ఆయన దగ్గర చేరేదే కాదు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధిలో, ఒక అంగడి పైన మేడగది. "స్పోకెన్ ఇంగ్లీషు, నలభై ఐదు రోజుల్లో గలగలా" అని బోర్డు. ఆ గలగలాను నమ్మి ఆ పిల్ల రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో నిలబడి వచ్చేది. ముప్పై రోజులు గడిచాయి. గలగలా లేదు, గుసగుస కూడా లేదు. ఇంకా అంకెలే నడుస్తున్నాయి.

మొదటి రోజే అడిగింది.

"సార్, నాకు మాటలు నేర్పియ్యండి. అంకెలు చిన్నప్పుడే నేర్చుకున్యా."

"అట్లనా? రెండు వందల యాభై మంది వచ్చినారు అని చెప్పు చూద్దాం."

"టూ హండ్రెడ్స్ ఫిఫ్టీ మెంబర్స్ కమ్ సార్."

సారు పంటి నొప్పి వచ్చిన మనిషిలా కళ్ళు మూసుకున్నారు.

"హండ్రెడ్‌కు వెనకాల ఆ తోక ఎందుకమ్మా? పైగా మెంబర్స్ అంటావు. ఆ రెండు వందల యాభై మందీ ఏ సంఘంలో చేరినారు?"

"మనుషులు సార్. ఊరికే వచ్చినారు."

"ఊరికే వచ్చినోళ్ళు పీపుల్. టూ హండ్రెడ్ అండ్ ఫిఫ్టీ పీపుల్. మూడుసార్లు చెప్పు."

వెనక బెంచీలో నరేష్ అనే పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. సారు వాడిని లేపి బయట మెట్ల మీద నిలబెట్టారు. ఆ గదిలో ఒకే ఒక్క కట్టుబాటు. తప్పు చెప్పొచ్చు, నవ్వకూడదు. ప్రశాంతికి అప్పుడు అదేమీ గొప్పగా అనిపించలేదు. మూడుసార్లు చెప్పాల్సి వచ్చినందుకు ఒళ్ళు మండిపోతూ ఉండింది.

నిజానికి ఆ పిల్లకు మాటలకన్నా అంకెల దగ్గరే దెబ్బ తగిలింది. డిగ్రీ అయి రెండేళ్ళు. మొదటి ఇంటర్వ్యూలో మార్కుల శాతం ఎంత అని అడిగితే, "సిక్స్టీ ఎయిట్ పాయింట్ ఫార్టీ ఫైవ్" అంది. బల్ల అవతల కూర్చున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వారు. పాయింట్ తర్వాత అంకెలు ఒక్కొక్కటిగా చెప్పాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళూ చెప్పలేదు, నవ్వారంతే. ఆ రోజు నుంచి ఇంగ్లీషులో అంకె ఎదురైతే చాలు, నాలుక అంగిటికి అతుక్కుపోయేది. తరువాతి రెండు ఇంటర్వ్యూలూ అట్లానే పోయాయి.

వాళ్ళ నాయన ఆదినారాయణ జమ్మలమడుగు పక్కన పల్లెలో పెద్ద రైతు. ఎన్నికలొస్తే రెండు పార్టీల వాళ్ళూ ఆయన అరుగు మీదే కాఫీ తాగుతారు. మాట సూటిగా ఉంటుంది.

"పులివెందుల ఆస్పత్రిలో ఫోన్ల కాడ పని ఉండాదంటివి కదా, పోయి రా. ఇదే కడసారి. ఇది గూడా రాకపోతే ముద్దనూరులో మీ మామ ఎరువుల అంగట్లో కూర్చుందువు. ఆయప్పకు మనిషి కావల్లంట."

మామ మంచివాడే. కానీ పొద్దున అంగడి తెరిచింది మొదలు మూసేదాకా తన మోకాళ్ళ నొప్పి గురించి తప్ప వేరే మాట మాట్లాడడు. ఎడమ మోకాలి సంగతి మధ్యాహ్నానికి అయిపోతుంది, తరువాత కుడిది మొదలు. జీవితమంతా ఆ రెండు మోకాళ్ళ మధ్య గడపాలని తలచుకుంటేనే ప్రశాంతికి ఏడుపొచ్చేది. అందుకే సారు ఎంత విసిగించినా మెట్లెక్కడం మానలేదు.

ఆయన విసిగించడంలో తక్కువ తినలేదు. మేడ కింద పూలమ్మే బిస్మిల్లా బీ ఏ బడికీ పోలేదు. కానీ తన ఫోను నెంబరు మాత్రం "నైన్ డబల్ ఫోర్" అంటూ ఇంగ్లీషులో ముత్యాల్లా చెబుతుంది. సారుకు ఆమె అంటే మహా గౌరవం.

"మీరంతా డిగ్రీలోళ్ళు. కిందికి పోయి బిస్మిల్లా బీని నెంబరు అడిగి, ఎట్ల చెప్తుందో వినిరాండి" అని పన్నెండు మందినీ వరసగా దింపారు. పన్నెండో మనిషి వచ్చేసరికి ఆమె గంప పక్కన పెట్టి మేడ మీదికే వచ్చేసింది.

"ఏంది సారూ ఇది? పొద్దున్నుంచి మీ పిలకాయలంతా నా నెంబరు అడుగుతాండారు. ఒక్కరూ ఫోన్ చెయ్యరు, ఒక్కరూ పూలు కొనరు!"

ఇంట్లో ఆయన భార్య సీతాలక్ష్మమ్మ ముప్పై ఏళ్ళ కిందటే జాగ్రత్త పడ్డారు. ఆమె నోట ఇంగ్లీషు అంకె వినపడదు. కుక్కరు మూడు విజిల్స్ వేస్తే కూడా "మూడు కూతలు కూసింది" అంటారు.

సారును ఓడించిన మనిషి మాత్రం ఒక్కరే. ఒకరోజు ఆదినారాయణ, కూతురు చదువు ఎంతవరకు వచ్చిందో చూద్దామని తరగతికి వచ్చాడు. సారు మర్యాదగా కుర్చీ వేసి, ఊరుకోలేక, "మీకు జొన్నలు ఎన్ని మూటలైనాయి? ఇంగ్లీషులో చెప్పండి" అన్నారు.

"సిక్స్ అండ్ వన్" అన్నాడు ఆయన, మీసం తిప్పి.

"సెవెన్ అనల్ల కదా?"

"ఏడుపు వినపడే ఆ అంకె మా ఇంట్లో గింజల కాడ పలకము సామీ. మా తాత పలకలేదు, మా నాయన పలకలేదు. కళ్ళంలో ఆరున్నొక్కటి అంటాము. ఇంగ్లీషైతే మాత్రం గింజలు గింజలు గాకుండా పోతాయా?"

సారు వేలు ఎత్తారు, దించారు. చివరికి నల్లబల్ల మీద ఒక మూల "గింజలకు మినహాయింపు" అని రాసుకున్నారు. ప్రశాంతి తల పట్టుకుంది.

ఒకనాడు తెగించి అడిగేసింది. "సార్, పదిహేను రోజుల్లో నాకు ఇంటర్వ్యూ. ఇంకా ఎన్నాళ్ళు ఈ అంకెలు?"

"చూడమ్మా. మాట తప్పు పోతే అవతలోడు నవ్వుకుంటాడు. అంకె తప్పు పోతే అవతలోడు నమ్ముతాడు. దీంట్లో యాది ప్రమాదం?"

ఆమె ఇంకా విసుక్కుంది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున జమ్మలమడుగు బస్టాండులో ఆమెకు ముందే ఆయన నిలబడి ఉన్నారు. చేతిలో గొడుగు, సంకలో పెరుగన్నం డబ్బా.

"మీరేంది సార్ ఈడ?"

"నా పిలకాయలు యాడికి ఇంటర్వ్యూకు పోయినా నేను పోతా. ఒక్కదానివే పోతే దారిలో మర్చిపోతావు."

దారిలో మర్చిపోయే అవకాశం ఆయన ఇవ్వలేదు. కండక్టరమ్మ "ఇంకా సిక్స్ మెంబర్స్ టికెట్ తీసుకోవల్ల" అని అరిచిన దగ్గర పాఠం మొదలైంది. ముద్దనూరు వచ్చేసరికి బస్సు సగం "సిక్స్ పాసెంజర్స్" అని మూడోసారి చెబుతోంది. అక్కడ ఎక్కిన కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ మనిషి ఒకడు ఫోనులో "టూ టెన్ మెగావాట్స్" అన్నాడు. సారు వెనక్కి తిరిగారు.

"టూ హండ్రెడ్ అండ్ టెన్ అనల్లప్పా."

"అంత పొడుగ్గా చెప్తే మా కాడ లైటు ఆరిపోతాది సార్."

ఆ వాదన పులివెందుల దాకా సాగింది. ప్రశాంతి కిటికీకి తల ఆనించి, ఆ పెద్దమనిషి ఎవరో తనకు తెలియనట్టు కూర్చుంది. ఆయన మాత్రం మధ్యమధ్యలో, "ఏం ప్రశాంతీ, నేను చెప్పింది నిజమా కాదా?" అని అందరికీ వినపడేలా అడుగుతూనే ఉన్నారు.

ఆస్పత్రి వరండాలో ఆమెతో కలిపి ఎనిమిది మంది కూర్చున్నారు. ఉద్యోగం ఒక్కటే. అక్కడి రోగుల వివరాలు బెంగుళూరు పెద్ద డాక్టర్లకు ఫోనులో చెప్పాలి, వాళ్ళు చెప్పిన మందులు రాసుకోవాలి. అంతా ఇంగ్లీషులోనే. ప్రశాంతి పక్కన గండి గుడి దగ్గరి పల్లె నుంచి వచ్చిన శిల్ప అనే పిల్ల, నుదుట ఆంజనేయస్వామి సింధూరం పెట్టుకొని, కళ్ళు మూసుకొని వల్లె వేస్తోంది.

"టేక్ టూ టూ టాబ్లెట్స్, త్రీ డేస్ వన్స్. టేక్ టూ టూ టాబ్లెట్స్..."

సారు చెవులు నిక్కబొడుచుకోవడం ప్రశాంతి చూసింది. "వద్దు సార్" అని గొడుగు పట్టుకుంది. గొడుగు ఆమె చేతిలోనే ఉండిపోయింది, సారు వెళ్ళిపోయారు.

"ఏమ్మా, ఏం చెప్తాండావు?"

"రెండు రెండు మాత్రలు, మూడు దినాలకొకసారి అని సార్."

"నువ్వు తెలుగులో అనుకున్నది బాగుంది. ఇంగ్లీషుకు తెలుగు చొక్కా తొడిగి పంపిస్తే ఎట్ల? మనకైతే అర్థమైతాది. బెంగుళూరాయప్ప మూడు దినాలు మింగమన్నారు అనుకుంటే? టూ టాబ్లెట్స్, వన్స్ ఎవ్రీ త్రీ డేస్. మూడుసార్లు చెప్పు."

శిల్ప చెప్పింది. పక్కనున్న నీలం చొక్కా పిల్లవాడు, "సార్, డేట్లు ఎట్ల చెప్పల్ల?" అని జరిగాడు. ఇంకొకడు పాయింట్ల గురించి అడిగాడు. ఐదు నిమిషాల్లో ఏడుగురూ సారు చుట్టూ చేరిపోయారు. సెక్యూరిటీ మనిషి కూడా కర్ర గోడకు ఆనించి వచ్చి కూర్చున్నాడు.

ప్రశాంతి ఆయన చేయి పట్టుకొని నీళ్ళ కుళాయి దగ్గరికి లాక్కుపోయింది.

"సార్, వాళ్ళంతా ఎవురో తెలుసునా మీకు?"

"తెలీదు. ఆ నీలం చొక్కా పిల్లోడికి మాత్రం తేదీలు శానా కష్టంగా ఉండాయి."

"వాళ్ళు నా పోటీకి వచ్చినోళ్ళు సార్! ఉండేది ఒక్క ఉద్యోగం! మీరు నన్ను గెలిపిచ్చేకి వచ్చినారా, ఓడిపిచ్చేకి వచ్చినారా?"

సారు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"ఉద్యోగం ఒక్కటే, నిజమే. అది ఎవురికొచ్చినా ఆ ఫోను ఎత్తేది ఆ మనిషే కదమ్మా? మంచంలో ఉన్నోళ్ళకు మాత్ర పోయేది ఆ మనిషి చెప్పిన అంకె ప్రకారమే కదా? తప్పు విని గూడా ఊరుకోమంటావా?"

"అవును సార్, ఈ ఒక్క దినం ఊరుకోమంటాండా! మీకు దండం పెడతా!"

"నాతో కాదమ్మా" అన్నారు, నిజంగానే చిన్నబోయి. అని మళ్ళీ నీలం చొక్కా దగ్గరికి వెళ్ళిపోయారు. ప్రశాంతికి మామ మోకాళ్ళు రెండూ కళ్ళ ముందు కనపడ్డాయి.

ఇంతలో హెడ్ నర్సు ఇందిరమ్మ బయటికొచ్చింది. "ఎవురు ఈడ బడి పెట్టింది?"

సెక్యూరిటీ మనిషి లేచి నిలబడ్డాడు. "పోయినసారి వచ్చిన సారే మేడం."

"ఆయప్ప మళ్ళీ వచ్చినాడా! రానియ్యొద్దని చెప్తి కదా నీకు?" అంటూ ఆమె పరీక్ష ఏమిటో చెప్పింది. ఇద్దరిద్దరుగా రావాలి. ఒకరు లోపలి గదిలో ఫోనులో రోగి కాగితం చదవాలి. రెండోవారు బయటి గదిలో ఫోను చెవిన పెట్టుకొని విన్నది రాయాలి. తరువాత చోట్లు మారాలి. మార్కులు చదివినవాళ్ళకే. తప్పు చదివితే అది చదివిన వాళ్ళ తప్పే.

ప్రశాంతికి జతగా శిల్ప పడింది.

ముందు ప్రశాంతి చదివింది. వయసు, తేదీ, టోకెన్, చక్కెర, రక్తపోటు, మందులు. ఏదో ఒక చోట నాలుక అతుక్కుంటుందని ఎదురుచూసింది. అతుక్కోలేదు. ముప్పై రోజులు ఆమె ప్రాణం తోడేసిన అంకెలు నోట్లోంచి వాటంతట అవే బయటికి నడిచాయి. ఒక్క తప్పు లేదు.

చోట్లు మారారు. ఇప్పుడు ప్రశాంతి చేతిలో పెన్ను, చెవిలో శిల్ప గొంతు. మొదటి రెండు వరసలు బాగానే వచ్చాయి. మూడో వరసకు గొంతు వణకడం మొదలైంది.

"జీరో పాయింట్ సెవెంటీ... సెవెంటీ ఫైవ్... టూ టూ... అయ్యో... త్రీ డేస్..."

ఆ తరువాత మాట లేదు. ఊపిరి చప్పుడు మాత్రం వినపడుతోంది.

ప్రశాంతి చేయాల్సింది ఏమీ లేదు. విన్నది విన్నట్టు రాసి కూర్చుంటే చాలు. శిల్ప ఇంటికి పోతుంది. మిగిలిన వాళ్ళలో తనంత బాగా ఎవరూ చదవరు. మోకాళ్ళ బాధ తీరిపోతుంది. పెన్ను కాగితం మీద ఆనించింది. చేయి కదల్లేదు. తప్పని తెలిసిన అంకెను రాయడానికి వేళ్ళు ఒప్పుకోలేదు. ఆ క్షణాన సారు మీద వచ్చినంత కోపం ఆమెకు ఎవరి మీదా ఎన్నడూ రాలేదు. ఈయప్ప నన్ను గూడా చెడగొట్టినాడు కదరా దేవుడా, అనుకుంది.

"శిల్పా, ఊపిరి తీసుకో. ఎవురూ నవ్వరు" అంది ఫోనులోకి. "పాయింట్ తర్వాత ఒక్కొక్క అంకె చెప్పు."

"జీరో పాయింట్... సెవెన్ ఫైవ్."

"అంతే. మళ్ళీ చెప్పు."

"జీరో పాయింట్ సెవెన్ ఫైవ్."

"ఇంకోసారి."

మూడోసారి చెప్పేసరికి అవతలి గొంతు నిలబడింది. మాత్రల వరస ఒక్క తప్పు లేకుండా వచ్చింది. ప్రశాంతికి మాత్రం తన నోటి నుంచి వచ్చిన "ఎవురూ నవ్వరు" అన్న మాట దగ్గరే ఆలోచన ఆగిపోయింది. ముప్పై రోజుల్లో ఆ మేడగదిలో తను వందల తప్పులు చెప్పింది. సారు వేలెత్తారు, కళ్ళు మూసుకున్నారు, మూడుసార్లు చెప్పించారు, విసుగెత్తించి చంపారు. ఒక్కసారి కూడా నవ్వలేదు. భయం ఎప్పుడు పోయిందో తనకే తెలియలేదు. ఆ మనిషి మీద కోపంతో పాటు ఇంత ప్రేమ కూడా ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఇందిరమ్మ పక్క గదిలో ఇంకో ఫోనులో అంతా వింటూ ఉంది. ఎనిమిది మందివీ అయ్యాక ప్రశాంతిని పిలిచింది.

"రాసుకోమంటే పాఠం చెప్తివేంది?"

"తప్పు రాసేకి చెయ్యి రాలేదు మేడం" అంది ప్రశాంతి. ఇక అంతే అని లోపల అనుకుంది.

"బాగా చదివేటోళ్ళు నాకు ఇంకా ఇద్దరు దొరికినారు. రోగుల ఇండ్ల నుంచి ఈ ఫోనుకు చేసేటోళ్ళలో సగం మంది గొంతు వణుకుతా మాట్లాడతారు. వాళ్ళను నిలబెట్టి సరైన మాట చెప్పించుకునే మనిషి నాకు ఇదివరకు దొరకలేదు. ఒకటో తేదీ వచ్చి చేరు." ఆమె కాగితాలు సర్దుకుంటూ, "ఆ సారును మాత్రం ఆ దినం తోడు తీసుకరాకు తల్లీ. మా డాక్టర్లను గూడా దిద్దేటట్టు ఉండాడు" అంది.

బయట శిల్ప అరచేతి మీద ప్రొద్దుటూరు మేడగది చిరునామా రాసుకుంటోంది. ఆమె కళ్ళు ఎర్రగానే ఉన్నాయి గానీ, సోమవారం నుంచి చేరుతానని సారుకు మాట ఇచ్చేసింది.

తిరుగు బస్సులో సారు మాట్లాడలేదు. ఉద్యోగం వచ్చిందని చెబితే రెండు చేతులూ ఆమె తల మీద పెట్టి దీవించారు, అంతే. పక్క సీటాయన ఫోనులో "ఫైవ్ థౌజండ్స్ బ్రిక్స్" అన్నాడు. సారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. కండక్టరు ఇంగ్లీషులో ఇంకో ఘోరం చేశాడు. దానికీ కదల్లేదు. ముద్దనూరు దాటేసరికి ప్రశాంతికి నిజంగా కంగారు పుట్టింది.

"ఒంట్లో బాగలేదా సార్?"

"బాగుండాదమ్మా. నలభై ఐదు దినాలని చేరితివి. ముప్పైకే అయిపాయ. ఇంక పదిహేను దినాల పాఠం నా కాడనే మిగిలిపాయ. మాటలు అప్పుడు చెప్దామనుకుంటి."

ప్రశాంతి జమ్మలమడుగు బస్టాండులో దిగి, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. బస్సు ప్రొద్దుటూరు పోవడానికి గుర్రుమంటోంది. ఆయన ఇంకా దిగులుగానే ఉన్నారు.

"సార్" అని గట్టిగా పిలిచింది. "ఆదివారం వస్తా. సెలవు దినమే. మీ కాడ టూ అండ్ హాఫ్ అవర్ కూర్చుంటా!"

సారు తల చటుక్కున తిరిగింది. కళ్ళద్దాల వెనక దీపం వెలిగినట్టయింది.

"టూ అండ్ ఎ హాఫ్ అవర్స్! ఆ మధ్యలో 'ఎ' ఏమాయ? గంటలు ఒకటి దాటినాయి కదా, చివర ఆ 'స్' యాడ పారేసుకుంటివి? ఇన్ని దినాలు ఏం నేర్చుకుంటివమ్మా నువ్వు?"

బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి సగం బయటికి వంగి, వేలెత్తి, "మూడుసార్లు చెప్పు!" అని అరుస్తున్నారు. దారిన పోయేవాళ్ళంతా ఆగి చూస్తున్నారు. ప్రశాంతి ఆ మాట ఇప్పుడే కొత్తగా వింటున్నట్టు, బుద్ధిగా తలూపుతూ, బస్సు మలుపు తిరిగేదాకా గట్టిగా మూడుసార్లూ చెప్పింది.